ఒకే 300 ఓట్లు, రెండు కథలు: ఉపరాష్ట్రపతి ఎన్నికలో టార్గెట్ పెట్టింది ఎవరు?

సెంటినరీ కాలనీ: సెప్టెంబర్ 9, 2025న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఎన్డీయే అభ్యర్థి సీపీ రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు వచ్చాయి. ప్రతిపక్షాల అభ్యర్థి, మన రంగారెడ్డి జిల్లా బిడ్డ జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డికి 300 వచ్చాయి. మొత్తం 781 మంది ఎంపీలకు ఓటు హక్కు ఉంటే 767 మంది వేశారు. వాటిలో 15 ఓట్లు చెల్లలేదు.

ఈ అంకెల మీద ఎవరికీ గొడవ లేదు. గొడవంతా ఆ 300కు ఏం పేరు పెట్టాలన్న దగ్గరే మొదలైంది. ఒక చానల్ పెడితే ప్రతిపక్షానికి గట్టి దెబ్బ, సొంత ఎంపీలే మోసం చేశారు. ఇంకో చానల్ పెడితే ఓడినా నైతిక విజయం, ఓట్ల శాతం బాగా పెరిగింది. ఒకే ఇంట్లో రెండు ఫోన్లు ఉంటే రెండు ఫలితాలు వచ్చినట్టు అయింది.

ఎన్నిక అయిపోయింది, రాధాకృష్ణన్ గారు ప్రమాణం కూడా చేశారు, ఇప్పుడు దీని గురించి ఎందుకు అనొచ్చు. ఎందుకంటే ఇదే ఆట ప్రతి ఎన్నికలో ఆడుతున్నారు. రేపు సర్పంచ్ ఎన్నికలు వచ్చినా, రామగుండం కార్పొరేషన్ ఎన్నికలు వచ్చినా ఇదే ఆడతారు. ఆ ఆట ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ఈ చిన్న ఎన్నిక మంచి ఉదాహరణ. ఓటర్లు తక్కువ, అంకెలు స్పష్టం.

టార్గెట్ మారితే శాతం మారుతుంది

మన దగ్గర సింగరేణి లెక్కతో చెబితే ఇది త్వరగా అర్థమవుతుంది. ఒక ఓసీపీలో నెలకు 1 లక్షా 80 వేల టన్నుల బొగ్గు తీశారనుకుందాం. టార్గెట్ 2 లక్షల టన్నులైతే అది 90 శాతం. "ఏరియా వెనకబడింది" అంటారు. టార్గెట్ 1 లక్షా 50 వేలే పెట్టి ఉంటే అదే బొగ్గు 120 శాతం. స్వీట్లు పంచుతారు. తీసిన మనుషులు వాళ్ళే, నడిచిన డంపర్లు అవే. మారింది మొదట రాసిపెట్టిన అంకె ఒక్కటే.

ఎన్నికల వార్తల్లోనూ అంతే. ఫలితం రాకముందే ఎవరో ఒకరు టార్గెట్ పెడతారు. ఫలితం వచ్చాక దాన్ని అసలు ఓట్లతో కాదు, ఆ టార్గెట్‌తో పోలుస్తారు.

ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఆ పని ప్రతిపక్షమే చేసుకుంది. పోలింగ్ ముగియగానే కాంగ్రెస్ నేత జైరాం రమేశ్ తమ 315 మంది ఎంపీలూ ఓటేశారని ప్రకటించారు. అప్పటినుంచి 315 టార్గెట్ అయింది. 300 రాగానే "15 తక్కువ" అన్నదే వార్త. అటువైపు మీడియా లెక్కల్లో ఎన్డీయే బలం 427, మద్దతిచ్చిన వైఎస్సార్సీపీ 11, కలిపి 438. వచ్చినవి 452. "14 ఎక్కువ." ఇంకేముంది, క్రాస్ ఓటింగ్ ఖాయమని తేల్చేశారు. ఏ పార్టీ వాళ్ళు అమ్ముడుపోయారో పేర్లు కూడా టీవీల్లో తిరిగాయి.

ఇక్కడ ఒక్కసారి ఖాతా సరిచూద్దాం. 438, 315 కలిపితే 753. పోలైనవి 767. అంటే ఈ రెండు లెక్కల్లోనూ లేని ఓట్లు 14 ఉన్నాయి. ప్రతిపక్షం ఓట్లు 15 చెల్లకుండా పోయి, ఈ 14 ఎన్డీయేకు పడినా సరిగ్గా 452, 300 వస్తాయి. అలాగే జరిగిందని నేను అనట్లేదు. కొందరు నిజంగానే అటు వేసి, చెల్లని ఓట్లు రెండు వైపులా ఉన్నా ఇవే అంకెలు వస్తాయి. ఈ ఎన్నికలో ఓటు రహస్యం, పార్టీ విప్ వర్తించదు. ఎవరు ఎవరికి వేశారో చూపించే కాగితం ఎవరి దగ్గరా లేదు. మరి ఒక పార్టీని పేరు పెట్టి దొంగ అన్నవాళ్ళు ఏ ఆధారంతో అన్నట్టు?

ఏ సంవత్సరంతో పోలుస్తున్నారు?

ప్రతిపక్షం వాళ్ళు కూడా తక్కువ తినలేదు. 2022లో తమకు 26 శాతం వస్తే ఇప్పుడు 40 శాతం వచ్చిందని చెప్పారు. అంకె అబద్ధం కాదు. 2022లో జగదీప్ ధన్‌ఖడ్‌కు 528 ఓట్లు, మార్గరెట్ అల్వాకు 182 ఓట్లు. కానీ ఆ ఏడాది తృణమూల్ కాంగ్రెస్ ఓటింగ్‌కే రాలేదు. ఆ తర్వాత 2024 ఎన్నికల్లో లోక్‌సభలో ప్రతిపక్షం బలం పెరిగింది. కాబట్టి 182 నుంచి 300కు రావడంలో కొత్తగా మనసు మార్చుకున్న ఎంపీలు ఎవరూ ఉండాల్సిన అవసరం లేదు. కామర్స్‌లో మాకు మొదట నేర్పేది ఇదే: పెరుగుదల చూపించాలంటే బాగా పడిపోయిన సంవత్సరాన్ని బేస్ ఇయర్‌గా తీసుకుంటే చాలు.

ఇంకా వెనక్కి వెళ్దాం. 2017లో మన వెంకయ్య నాయుడుకు 516, గోపాలకృష్ణ గాంధీకి 244. 2012లో హమీద్ అన్సారీకి 490, జస్వంత్ సింగ్‌కు 238. 2002లో భైరాన్ సింగ్ షెకావత్‌కు 454, సుశీల్ కుమార్ షిండేకు 305. ఆ షిండేనే తర్వాత మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నర్‌గా వచ్చారు.

2002 అంకెలు మళ్ళీ చూడండి. 454, 305. ఇప్పుడు 452, 300. ఇరవై మూడేళ్ళ తేడాతో దాదాపు అదే ఫలితం. 2002తో పోలిస్తే ఇది దెబ్బా కాదు, చరిత్రా కాదు. అధికార కూటమికి స్పష్టమైన బలం, ఎదురుగా గట్టి ప్రతిపక్షం ఉన్న సభలో మామూలుగా వచ్చే ఫలితం. కానీ "మామూలు ఫలితం" అని బ్రేకింగ్ న్యూస్ వేస్తే ఎవరు చూస్తారు?

తెలంగాణలో ఇంతకుముందే చూశాం

2024 లోక్‌సభ ఎన్నికల్లో మన రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 8, బీజేపీకి 8, మజ్లిస్‌కు 1 సీటు వచ్చాయి. 2019లో కాంగ్రెస్‌కు 3, బీజేపీకి 4 ఉండేవి. కాంగ్రెస్ 5 పెరిగింది, బీజేపీ 4 పెరిగింది. అయినా "బీజేపీ దూసుకొచ్చింది, కాంగ్రెస్ తడబడింది" అన్నదే ఎక్కువగా వినపడింది. కారణం, 14 సీట్లు గెలుస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ముందే టార్గెట్ పెట్టుకున్నారు.

దేశంలో అదే ఎన్నికలో టార్గెట్ బీజేపీకి తిరగబడింది. "400" నినాదం వాళ్ళదే. జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ దానికి ముద్ర వేశాయి. జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా ఎగిరింది. జూన్ 4న ఎన్డీయేకు 293, బీజేపీకి సొంతంగా 240 సీట్లు అని తేలేసరికి 4,300 పాయింట్లకు పైగా కూలింది. ఓడిన పార్టీ ఆఫీసులో పటాకులు, గెలిచిన పార్టీ ఆఫీసులో సంజాయిషీలు. ఆ మూడు రోజుల్లో టీవీ చూసి షేర్లు కొన్న చిన్నవాళ్ళ డబ్బుకు మాత్రం ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు.

అమెరికాలో ఇది ఇంకా పాత కథ. 1968లో న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు దాదాపు 49 శాతం, ప్రత్యర్థి యూజీన్ మెకార్తీకి 42 శాతం వచ్చాయి. గెలిచింది జాన్సన్. కానీ మెకార్తీకి అన్ని ఓట్లు వస్తాయని ఎవరూ అనుకోలేదు కాబట్టి పత్రికలు దాన్ని జాన్సన్ ఓటమిలా రాశాయి. అదే నెల చివర్లో ఆయన పోటీ నుంచే తప్పుకున్నారు.

ఈ లెక్కల గోలలో కొట్టుకుపోయింది ఏమిటి?

నాకు బాధ కలిగించింది 15 ఓట్ల లెక్క కాదు. ప్రచారం జరిగిన మూడు వారాల్లో జస్టిస్ సుదర్శన్ రెడ్డి గురించి మన ఇళ్ళకు చేరిన మాట ఏమిటన్నది.

2011 జులై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ బెంచ్ సల్వాజుడుం కేసులో తీర్పు ఇచ్చింది. చదువు సరిగ్గా లేని ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి, స్పెషల్ పోలీసులని పేరు పెట్టి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. 2025 ఆగస్టులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆ తీర్పునే ఎత్తిచూపి, ఆయన నక్సలిజానికి తోడ్పడ్డారని, ఆ తీర్పే లేకుంటే 2020కి ముందే సమస్య ముగిసేదని ఆరోపించారు. అది తన సొంత తీర్పు కాదు, సుప్రీంకోర్టు తీర్పు అని ఆయన జవాబిచ్చారు. ఆయనకు మద్దతుగా 18 మంది మాజీ న్యాయమూర్తులు ప్రకటన ఇచ్చారు. దాన్ని తప్పుపడుతూ 56 మంది మాజీ న్యాయమూర్తులు ఇంకో ప్రకటన ఇచ్చారు.

అప్పటినుంచి చర్చ "18 మందా, 56 మందా" అన్నదాని మీదికి పోయింది. తీర్పులో ఏముందో చదివి చెప్పిన చానల్‌ను వేళ్ళ మీద లెక్కపెట్టాలి. రాజ్యసభను నడిపే కుర్చీలో ఎవరు కూర్చుంటే ఏం మారుతుంది, ప్రతిపక్షానికి మాట్లాడే టైం దొరుకుతుందా అన్న ప్రశ్న అయితే ఇంకా తక్కువ.

ముద్ర అంటే ఏమిటో మన కోల్‌బెల్ట్‌కు ఎవరూ నేర్పక్కర్లేదు. సికాస రోజులు చూసిన పెద్దవాళ్ళను అడగండి. "అన్నల మనిషి" అన్న ఒక్క మాటకు ఎన్ని ఇళ్ళ తలుపులు అర్ధరాత్రి చప్పుడయ్యాయో చెబుతారు. ముస్లిం ఇళ్ళకు ఇంకో రకం ముద్రలు తెలుసు. ముద్ర ఏదైనా పద్ధతి ఒకటే: ఆరోపణ మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో, జవాబు లోపలి పేజీలో మూలన. సుప్రీంకోర్టులో కూర్చున్న మనిషికే మూడు వారాలు జవాబు చెప్పుకోవడంతో సరిపోయిందంటే, మామూలు మనిషి సంగతి ఏంటి?

చానల్ ఎవరిది?

తెలుగులో ఈ ఎన్నికకు ఇంకో కొలత కూడా పెట్టారు: "తెలుగు బిడ్డ". 1991లో నంద్యాలలో పీవీ మీద తెలుగుదేశం పోటీ పెట్టలేదు కదా, ఇప్పుడెందుకు మద్దతివ్వరు అని కొందరు అడిగారు. టీడీపీ, వైఎస్సార్సీపీ రెండూ రాధాకృష్ణన్‌కే వేశాయి. యూరియా కొరతకు నిరసన అని బీఆర్ఎస్ నలుగురు ఎంపీలు దూరంగా ఉన్నారు. మజ్లిస్ సుదర్శన్ రెడ్డికి మద్దతిచ్చింది. ఏ నిర్ణయం ద్రోహం, ఏది తెలివి అన్నది మీరు చదివే పత్రికను బట్టి మారిపోయింది.

అందుకే పత్రిక ఎవరిదో తెలిసి చదవాలి. వీ6, వెలుగు మంత్రి గడ్డం వివేక్ కుటుంబానివి. ఆయన కొడుకు వంశీకృష్ణే మన పెద్దపల్లి ఎంపీ, అంటే ఈ ఎన్నికలో ఓటరు. నమస్తే తెలంగాణ, టీ న్యూస్ బీఆర్ఎస్ వైపువి. సాక్షి జగన్ కుటుంబానిది. ఎన్డీటీవీ 2022లో అదానీ గ్రూప్ చేతికి పోయింది. మన ఉర్దూ పత్రికలేమీ దీనికి అతీతం కాదు, ఎతెమాద్ మజ్లిస్ వాళ్ళది. ఓనర్‌కు పార్టీ ఉన్నంత మాత్రాన ప్రతి వార్తా అబద్ధమని కాదు. అక్కడ పనిచేసే రిపోర్టర్లలో నిజాయితీపరులు చాలామంది ఉన్నారు. కానీ టార్గెట్ ఎంత పెట్టాలి, ఏ ఏడాదితో పోల్చాలి అన్నది తరచుగా రిపోర్టర్ చేతిలో ఉండదు.

మనం చేయగలిగింది

ఎన్నికల వార్త చూసినప్పుడు ఇంట్లో నాలుగు ప్రశ్నలు అడుగుదాం. అసలు ఓట్లు ఎన్ని? "ఇంత రావాలి" అని ముందు చెప్పింది ఎవరు, ఎందుకు? ఏ సంవత్సరంతో పోలుస్తున్నారు, అంతకు ముందు సంవత్సరాలు ఎందుకు వదిలేశారు? ఆరోపణకు ఇచ్చినంత చోటు జవాబుకు ఇచ్చారా?

దీనివల్ల నష్టపోయేది నాయకులు కాదు, వాళ్ళు రేపు ఇంకో మైకు ముందుంటారు. ఫలితం వచ్చిన రాత్రి వాట్సాప్ గ్రూపుల్లో "మనవాళ్ళే అమ్ముడుపోయారు, ఇక ఓటేసి ఏం లాభం" అనుకుని నిద్రపోయే మన అమ్మీలు, అబ్బాలు, మొదటిసారి ఓటు వచ్చిన మన పిల్లలు నష్టపోతారు. ఎవరు అమ్ముడుపోయారో తెలియని ఎన్నికను చూసి ఆ మాట నమ్మితే, రేపు మన వార్డులో మన ఓటు అవసరమైన రోజు ఇంట్లోనే కూర్చుంటాం. ఆ రోజు మన పేరు పోలింగ్ శాతంలో కూడా ఉండదు.