దయయు, మితవ్యయమును

వైద్యుఁడు కావలయునను కోరిక మన బాలబాలికలలోఁ బెక్కండ్రకుఁ గలదు. పరీక్షలయందు మంచి మార్కులు తెచ్చుకొనిన పిల్లవానిఁ జూచి, "నీవు డాక్టరువు కావలయును" అని దీవింపని బంధువు లేఁడు. ఈ కోరిక కొనియాడఁదగినదే. కాని యెట్టి వైద్యుఁడు కావలయునను ప్రశ్నను మాత్రము మనము తఱచుగా నడుగము. ఆ ప్రశ్ననుగూర్చి మాకుఁ దోఁచిన నాలుగు మాటలు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును విన్నవింపఁదలఁచితిమి.

వైద్యునకు దయ యుండవలయునని యెల్లరు నంగీకరింతురు. ఖర్చునుగూర్చి యాలోచించుట మాత్రము వర్తకుని పనియనియు, వైద్యునకది తగదనియుఁ గొందఱు తలంతురు. మా యభిప్రాయ మట్లు కాదు. రోగి చెల్లింపవలసిన ధనమునుగూర్చి యాలోచింపని దయ సగము దయయే. ఏలయన వ్యాధి శరీరముతో నాఁగదు, ఇంటినంతను బట్టును. కూలిపని చేయువాఁడు మంచము పట్టినచో నాఁటి కూలి పోవును. తోడుగా వచ్చినవాని కూలియుఁ బోవును. బండిచార్జీలు, పరీక్షలు, మందులు పైఁబడును. అప్పు పుట్టనిచో భార్య మెడలోని పుస్తెలో, దొడ్డిలోని పాడిగేదెయో అమ్ముడుపోవును. జ్వరము వారమునకుఁ దగ్గును. అప్పు ఏండ్లతరబడి నిలుచును. మందుచీటి వ్రాయునపుడు వైద్యుఁడు దీనినిఁగూడ తలంపవలయును.

మితవ్యయమనఁగా లోభత్వము కాదు. చవుకమందులెల్ల మంచివనియు, వెలగలవెల్ల చెడ్డవనియు మేము చెప్పము. క్షయరోగికి నెలలతరబడి మందు సాగవలసియుండఁగా నడుమ మానిపించుట పొదుపు కాదు, ప్రాణహాని. శస్త్రచికిత్స యవసరమైనపుడు, రోగి బీదవాఁడని యామాట దాఁచుట వంచన. అవసరమైనదానికి వెనుదీయకుండుట, అనవసరమైనదానిని వ్రాయకుండుట, ఈ రెండును గలసినదే మేము చెప్పు మితవ్యయము. దీనికిఁ జదువు కావలయును. ఏ పరీక్ష ఫలితమువలన చికిత్స యేమియు మాఱదో, ఆ పరీక్ష యక్కఱలేదని గ్రహించుటకు శాస్త్రజ్ఞానము కావలయును. సామాన్యమైన జలుబు వైరసువలనఁ గలుగును. దానికి యాంటీబయాటిక్కు పనిచేయదు. తెలిసియు దానిని వ్రాసినచో రోగి ధనము పోవుటయేగాక, క్రిములు ఆ మందునకు లొంగనివై, నిజముగా నవసరమైననాఁడు మందే నిష్ఫలమగును.

జ్ఞానమును దయయుఁ గలసిన చికిత్స యెట్లుండునో తెలుపు నిదర్శన మొకటి గలదు. 1971వ సంవత్సరమున బంగ్లాదేశ యుద్ధకాలమున లక్షలకొలఁది జనులు కాందిశీకులై పశ్చిమ బెంగాలునకుఁ దరలివచ్చిరి. బన్‌గావ్ శిబిరములలోఁ గలరా ప్రబలెను. నరములలోని కెక్కించు సెలైను చాలకపోయెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు తగిన పాళ్లలో నీటఁ గలిపించి, రోగుల బంధువులచేతనే త్రాగించు నేర్పాటు గావించిరి. గ్లూకోజు తోడున్నచోఁ బ్రేగులు ఉప్పును, నీటిని బాగుగఁ బీల్చుకొనునను సత్యము శాస్త్రజ్ఞులకు అప్పటికే తెలియును. ఆపత్కాలమున దానిని అంత పెద్దయెత్తున నాచరణలోఁ బెట్టిన ధైర్యము వారిది. నూటికి 30 మంది వఱకు మరణించుచుండినచోట, చనిపోవువారు నూటికి నలుగురికి లోఁబడిరి. వారి మరణానంతరము 2023లో భారత ప్రభుత్వము వారికి పద్మవిభూషణ పురస్కారము నొసఁగినది. నేఁడు పల్లెపల్లెలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ విద్య ఫలమే.

అయినను, వెలల విషయమున బాధ్యత వైద్యునొక్కనిదే యనుట న్యాయము కాదు. గుండె రక్తనాళములందుఁ బెట్టు స్టెంటులకు కేంద్ర ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో గరిష్ఠధరను నిర్ణయించినది. అంతకుముందు లక్షరూపాయలకు మించి యమ్ముచుండిన మందుపూఁత స్టెంటునకు నాఁడు నిర్ణయించిన వెల 29,600 రూపాయలు. 2008లో నారంభమైన జన ఔషధి పథకమువలన వ్యాపారనామములు లేని మందులు తక్కువ వెలకు లభించుచున్నవి. మందుల యసలు పేర్లను స్పష్టముగా వ్రాయవలయునని 2016లో భారత వైద్య మండలి తన నియమమును సవరించినది. అట్టి మందుల నాణ్యతనుగూర్చి కొందఱు వైద్యులు సందేహింతురు. ఆ సందేహమును దీర్చుటకుఁ దనిఖీ గట్టిగా జరుపుట ప్రభుత్వము విధి. చట్టము ధరను దగ్గింపఁగలదు. కాని స్టెంటు అక్కఱలేనివానితో "నీ కిది యక్కఱలేదు" అని చెప్పవలసినవాఁడు వైద్యుఁడే.

ఇఁక మన లోపముల మాట. వైద్యుఁడు నాడి చూచి, "మందు వలదు, రెండుదినములు విశ్రాంతి తీసికొమ్ము" అనినచో, "ఈయన కేమియుఁ దెలియదు" అని వేఱొకచోటికిఁ బోవువారము మనమే. సూది వేయించుకొననిదే జ్వరము పోదనియు, సెలైను సీసా యెక్కించుకొననిదే బలము రాదనియు నమ్మువారమును మనమే. సూదికి సంతోషముగా డబ్బిచ్చి, మంచి సలహాకుఁ బీజు నిచ్చుటకు సంకోచించినచో, వైద్యుఁడు సలహా మాని సూదినే యమ్మఁజూచును. మఱొకమాట గూడ చెప్పక తప్పదు. పిల్లవాని వైద్యవిద్యకై అప్పుచేసి లక్షలు గుమ్మరించి, ఆ ధనమును వడ్డీతో రాఁబట్టవలయునని యాతనికి నూఱిపోసినచో, ఆ వడ్డీ యెవరి యింటినుండి రావలయునో తలిదండ్రులు యోచింపవలయును.

కావున పెద్దలకు మా మనవి యిది: వైద్యునియొద్దకుఁ బోయినపుడు వినయముతోఁ గొన్ని ప్రశ్నలు వేయుఁడు. ఈ పరీక్ష యెందులకు? చేయింపనిచో నేమగును? ఇదే మందు తక్కువ వెలకు దొరకునా? మంచి వైద్యుఁ డిట్టి ప్రశ్నలకుఁ గోపింపఁడు.

విద్యార్థులారా! మీలో రేపు వైద్యులు కాఁగలవారు గలరు. వైద్యశాస్త్రమును శ్రద్ధగా నేర్వుఁడు; దానితోపాటు మీరు వ్రాయు ప్రతి మందు వెలయుఁ దెలిసికొనుఁడు. రోగి లేచి నడచినంతమాత్రమునఁ దృప్తిపడక, అతఁ డింటికిఁ బోవునప్పటికి ఆ యిల్లు నిలిచియున్నదా యనియు విచారింపుఁడు. ఆ రెండును జూచిన నాఁడే మిమ్ము దయగల వైద్యులని లోకము పిలుచును.