ఛాత్రోపాధ్యాయుల సంసిద్ధతకు మూలం శిక్షణలోనే



ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న యువతీయువకులు, అంటే ఛాత్రోపాధ్యాయులు, తరగతి గదిలో సాంకేతిక పరికరాలను వాడటానికి ఎంతవరకు సుముఖంగా ఉన్నారన్న ప్రశ్న విద్యాశాస్త్ర పరిశోధనల్లోనూ ఎం.ఎడ్. లఘు సిద్ధాంత వ్యాసాల్లోనూ తరచుగా కనిపిస్తుంది. దానికి జవాబు రాబట్టేందుకు సాధారణంగా వాడే సాధనం వైఖరి మాపని; అంటే కొన్ని వాక్యాలిచ్చి, ‘పూర్తిగా ఏకీభవిస్తాను’ మొదలు ‘ఏమాత్రం ఏకీభవించను’ వరకు ఉన్న అయిదు గడుల్లో ఒకదానిపై గుర్తు పెట్టమనడం. ఆ కాగితాన్ని పంచేది ఇంటర్నల్ మార్కులు వేసే అధ్యాపకులే అయినప్పుడు, సాంకేతికతపై తనకు నమ్మకం లేదని గుర్తు పెట్టే సాహసం ఏ ఛాత్రోపాధ్యాయుడూ అంత తేలిగ్గా చేయడు. ఇలా తేలిన సుముఖత రేపటి ఆచరణకు హామీ ఇవ్వదు. సుముఖతను అభ్యర్థి మనసులో ముందే ఉండే గుణంగా భావించి కొలుస్తున్నారే గాని, అది శిక్షణ కాలపు అభ్యాసంలో పుట్టి పెరిగేదని, కాబట్టి దాని లోటుకు ప్రధాన బాధ్యత శిక్షణదేనని గుర్తించడం లేదు.

ఈ విషయంలో సిద్ధాంతాలకు కొరత లేదు. ఒక పరికరం తన పనికి పనికొస్తుందన్న నమ్మకం, దాన్ని వాడటం సులభమన్న నమ్మకం కలిసి మనిషి దాన్ని స్వీకరించడాన్ని ప్రభావితం చేస్తాయని ఫ్రెడ్ డేవిస్ 1989లో ‘సాంకేతికతా స్వీకరణ నమూనా’ పేరుతో ప్రతిపాదించారు. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్ తదితరులు దానిని మరికొన్ని నమూనాలతో కలిపి, మరి రెండు అంశాలను చేర్చారు: తనకు ముఖ్యులైనవారు ఆ వాడకాన్ని ఆశిస్తున్నారన్న భావన, అంటే సామాజిక ప్రభావం; పరికరం, సహాయం అందుబాటులో ఉండటం, అంటే అనుకూల పరిస్థితులు. ఈ నాలుగింటినీ బి.ఎడ్. విద్యార్థికి అన్వయిస్తే, సామాజిక ప్రభావం అంటే బడిలో అతని పాఠాన్ని చూసే గైడ్ టీచరు, కళాశాల నుంచి వచ్చే పరిశీలకుడు. అనుకూల పరిస్థితి అంటే డిజిటల్ తెర ఉన్న గది తాళం ఎవరి దగ్గర ఉందన్న విషయం. పనికొస్తుందన్న నమ్మకం, సులభమన్న నమ్మకం కూడా ఈ రెండింటి మీదే చాలావరకు ఆధారపడతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు అందాయి. 2023 నుంచి అనేక ప్రభుత్వ ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో ఐఎఫ్‌పీలు, అంటే వేలితో తాకి, రాసి, జరపగలిగే పెద్ద డిజిటల్ తెరలు, అమర్చారు. ఇక జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం బి.ఎడ్. కోర్సు రెండేళ్లది, అందులో 20 వారాలు ఇంటర్న్‌షిప్‌గా బడిలో గడపాలి. తెరలున్న బడులకే ఛాత్రోపాధ్యాయులు వెళ్తున్నా, ఆ కాలమంతా పాఠ్య పథకాల రికార్డు, చార్టులు, నమూనాలతోనే గడిచిపోవచ్చు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో ఖరీదైన తెరను కొత్తవారి చేతికివ్వడానికి ప్రధానోపాధ్యాయులు వెనుకాడటం సహజం. పరిశీలకుడు చార్టుకు మార్కులు వేస్తాడని తెలిసిన విద్యార్థి రాత్రంతా కూర్చుని చార్టే గీయడం అంతకన్నా సహజం.

స్మార్ట్‌ఫోన్‌తో పెరిగిన తరం కాబట్టి వీరికి వేరే శిక్షణ అక్కర్లేదన్న వాదం కూడా నిలవదు. ఉదాహరణకు, త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలన్న పాఠాన్ని తీసుకుంటే, పాఠ్యపుస్తకం పుటను ఫోనుతో ఫొటో తీసి తెరపై వేయగల యువకుడు సాంకేతికతను వాడినట్లే లెక్క. కానీ ఆ పనిని నల్లబల్ల అంతకన్నా బాగా చేస్తుంది. అదే పాఠంలో జియోజీబ్రా అనే ఉచిత గణిత సాఫ్ట్‌వేర్‌తో త్రిభుజాన్ని గీసి, ఒక శీర్షాన్ని పక్కకు లాగేముందు ‘ఇప్పుడు మొత్తం పెరుగుతుందా, తగ్గుతుందా?’ అని అడిగి, పిల్లల ఊహలను బోర్డు మీద రాయించి, ఆ తర్వాతే లాగాలి. కోణాలు ఒక్కొక్కటీ మారుతూ మొత్తం మాత్రం కదలకపోవడాన్ని చూసిన పిల్లలు ‘ఎందుకు?’ అని అడిగే ఘడియలో నిరూపణకు దారి తెరుచుకుంటుంది. ఎక్కడ ఆగాలో, ఏమి అడగాలో తెలియడం ఫోను వాడకంతో రాదు. పున్యా మిశ్రా, మాథ్యూ కోహ్లర్ 2006లో వివరించిన ‘టీప్యాక్’ భావన చెప్పేదీ ఇదే: విషయ జ్ఞానం, బోధనా జ్ఞానం, సాంకేతిక జ్ఞానం విడివిడిగా ఉంటే చాలవు, ఒక పాఠంలో మూడూ కలవాలి. ఐసీటీని, అంటే సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికతను, ప్రత్యేక పేపరుగా ఉంచి, దాని బాధ్యతను కంప్యూటర్ అధ్యాపకునికి వదిలి, గణితం మెథడ్స్, అంటే బోధనా పద్ధతులు, చెప్పేవారు సుద్దముక్కతోనే సరిపెడితే ఆ కలయిక ఎప్పటికీ జరగదు.

తెరల మోజులో పడి పిల్లల చేతిరాత, మాట దెబ్బతింటాయని భయపడేవారి ఆందోళన న్యాయమైనదే. కరెంటు, నెట్ నిలకడగా లేని ఊళ్ల ఉపాధ్యాయుల ఇబ్బందీ నిజమే. అందుకే ఏ పాఠానికి తెర అక్కర్లేదో కారణాలతో చెప్పగలగడం కూడా శిక్షణలో భాగం కావాలి. గింజ మొలకెత్తడాన్ని వీడియోలో చూపడం కన్నా తడిగుడ్డలో పెసలు కట్టించడమే మేలని పాఠ్య పథకంలో రాసిన విద్యార్థికి మార్కులు తగ్గకూడదు.

విశ్వవిద్యాలయాలు, పాఠశాల విద్యాశాఖ కలిసి చేయవలసిన పనులు ఖర్చుతో కూడినవి కావు. ఇంటర్న్‌షిప్ ఉత్తర్వుల్లోనే ఛాత్రోపాధ్యాయులకు తెర వాడుకునే అనుమతిని స్పష్టంగా రాయాలి. సాధారణ వాడకంలో తలెత్తే మరమ్మతుకు వారిని గాని, ప్రధానోపాధ్యాయులను గాని బాధ్యులను చేయకూడదు. ప్రతి మెథడ్‌లో ఛాత్రోపాధ్యాయులు కనీసం రెండు పాఠాలను తెర సాయంతో బోధించి, పాఠం ఎక్కడ తడబడిందో గైడ్ టీచరుతో చర్చించి రికార్డులో రాయాలి. ప్రాక్టికల్ పరీక్షలో బయటి పరీక్షకులు చార్టు అందాన్ని పక్కనపెట్టి, ఎంచుకున్న సాధనానికి ఆ పాఠంలో ఉన్న పని ఏమిటని అడగాలి.


ఉపాధ్యాయ విద్యపై ఆసక్తి గల ఒక పాఠకుడు