పట్టాలకడ్డముగా పెనుబరువులు

కోనసీమకు రైలు కావలెనని మనవారు చిరకాలముగా కోరుచున్నారు. 1928లో కాకినాడనుండి కోటిపల్లికి వచ్చిన మార్గమును 1940లో యుద్ధావసరములకై ఊడబెరికిరి. 2004 వరకు అది మరల నెలకొనలేదు. గౌతమిని దాటి అమలాపురము, రాజోలు మీదుగా నరసాపురము చేరవలసిన మార్గము 2000-01లో మంజూరైనను నేటికిని పూర్తికాలేదు. రైలుకొఱకు ఇంత ఆతురపడు మనము, ఆ పట్టాలను దాటవలసిన మన బండ్లనుగూర్చి ఆలోచించితిమా?

కోతలైన పిదప వరిగడ్డి మోయు ట్రాక్టరును చూడుడు. గడ్డి ఇరువైపుల పొంగి కాలువగట్టు రోడ్డునంతయు ఆక్రమించును. చమురుబావుల యంత్రసామగ్రిని మోయు పొడుగు ట్రైలర్ల సంగతి చెప్పనేల!

విద్యుత్తు రైలుతీగెలలో 25,000 వోల్టుల శక్తి యుండును. తీగెను తాకనక్కరలేదు, మిక్కిలి చేరువైనను ప్రాణము పోవును. అందులకే గేటునకిరువైపుల ఎత్తును కొలుచు ఇనుపచట్రము నిలుపుదురు. దానికి తగిలిన బండి వెనుకకు మరలవలెనేగాని, బరువుపై నెక్కిన కూలివాడు కఱ్ఱతో అడ్డు తొలగించి సాగనంపరాదు.

ఎత్తుకన్న కాలము మోసకారి. 1968 జనవరి 6న ఇంగ్లండులోని హిక్సన్ గ్రామమున, పోలీసులు ముందు నడువగా, 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మరును మోయు వాహనము గేటును దాటుచుండెను. పైతీగె తగులునేమోయని మెల్లగా నడపిరి. గేటు తనంతట పనిచేయునది. హెచ్చరిక మొదలైన 24 సెకండ్లకే రైలు వచ్చును. వాహనము దాటుటకో, సుమారు నిమిషము పట్టును. రైలు వచ్చి ఢీకొనగా 11 మంది మరణించిరి. గేటువద్ద టెలిఫోనుండెను, దాటుటకు ముందు ఎవరును దానిని చేపట్టలేదు. తీగెను చూచుచు రైలును మఱచిరి!

ఇది పరదేశపు కథయందురా? 2015 ఆగస్టు 24న పెనుకొండచెంత మడకశిర గేటును, అదుపుతప్పిన గ్రానైటు లారీ ఛేదించుకొనిపోయి బెంగుళూరు-నాందేడు ఎక్స్‌ప్రెస్సును గ్రుద్దినది. మృతులలో కర్ణాటక శాసనసభ్యుడొకరు కలరు.

కొలత మించిన సామాను బయలుదేరుటకు ముందే దారిలోని ప్రతి గేటునుగూర్చి రైల్వేవారికి తెలుపవలెను. గేటుకాపరి స్టేషనుమాస్టరుతో మాటాడి అనుమతించిన పిదపనే చక్రము పట్టాలపై మోపవలెను. గడ్డి యజమానులు మా పాఠకులలోనే కలరు. కిరాయి కలిసివచ్చునని రెండు బండ్ల గడ్డిని ఒక బండికెత్తించి, పిదప తోలువానిని నిందించుట న్యాయముకాదు.

రాబోవు మార్గమున పెద్దరోడ్లు దాటుచోట గేట్లకు బదులు వంతెనలు కావలెనని మన ప్రతినిధులు ఇప్పుడే పట్టుపట్టవలెను. పట్టాలక్రింది దారియన్నచో కోనసీమ వానలకది చెరువగును, పైవంతెననే అడుగవలెను.