పడుగు బీటు, పేక గొంతు
పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసులో ఖవ్వాలీ విన్న చెవికి నతాషా అట్లాస్ గొంతు మరీ పరాయిగా తోచదు. లండన్ బృందం ట్రాన్స్‌గ్లోబల్ అండర్‌గ్రౌండ్‌తో పాడిన ఈ గాయని, 1995లో తన తొలి సోలో ఆల్బమ్ ‘డయాస్పోరా’లో అరబ్బీ పాటను క్లబ్బుల డ్యాన్స్ బీటు మీద నేసింది. నేసిందనే అంటాను, ధర్మవరం పక్కన పుట్టి ఇంకో మాట ఎక్కడ తెచ్చేది? బీటు పడుగు, గొంతు పేక. పడుగు బిగువుగా ఉండాల్సిందే, కానీ కంటికి ఆనాల్సింది పేకలోని జరీ. మన ఫ్యూజన్ పాటల్లో ఇది తిరగబడింది. డీజే బాక్సుల దడదడలో గొంతు గల్లంతు. ‘అరబ్బుల సంగీతం మనకెందుకు’ అనేవాళ్లు ఒకటి గమనించాలి: మన రాగంలాంటి వాళ్ల హిజాజ్ కార్ మఖాం, హిందూపురంలో పిల్లలు సరళీ స్వరాలు నేర్చే మాయామాళవగౌళ రాగానికి దాదాపు తోబుట్టువు. బయాతీ, రాస్త్ మఖాముల్లోనైతే ఒకటి రెండు స్వరాలు కీబోర్డు మెట్లకు నడుమ సందులో పలుకుతాయి. వాటిని ఆటోట్యూన్‌తో ‘సరిచేసే’ రికార్డిస్టును ఒక్క రాత్రి ఆ దర్గా అరుగు మీద కూర్చోబెట్టాలనిపిస్తుంది నాకు.