నలభై యేళ్ళ రోగం, రెండేళ్ళ గడువు

ఇటీవల హైదరాబాదులో ఒక సాహిత్య సభ ముగిసిన తర్వాత, భోజనాల దగ్గర ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. "ఆస్‌బెస్టాస్ కాన్సరనేది అమెరికా వకీళ్ళు పెంచి పోషించిన రోగమయ్యా! మన పల్లెల్లో ఆ రేకే లేకపోతే పేదవాడి నెత్తిమీద వాన కురుస్తుంది. నువ్వు పేదవాడి పక్షమా, వాన పక్షమా?" అన్నాడు. చుట్టూ వున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఆ రాత్రి మొయినాబాదు దాకా బస్సులో సిగ్గుపడుతూ వచ్చాను. ఆ మిత్రుడు చెడ్డవాడు కాడు. కార్మికుడి మీద మంచి పద్యాలు రాసినవాడు. అందువల్లనే యీ జవాబు అచ్చులో యివ్వవలసి వచ్చింది.

మా ప్రాంతం సంగతి కొంత చెప్పాలి. మొయినాబాదు నుంచి చేవెళ్ళ దాకా బీజాపూరు రోడ్డుకు రెండు ప్రక్కలా ముసలి మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని నరకవద్దని చదువుకున్నవాళ్ళు న్యాయస్థానానికి వెళ్ళారు. వెళ్ళవలసిందే, నేనూ సంతకం పెట్టాను. కాని మర్రికి వకీలు దొరికాడు. ఆ మర్రి వెనక కోళ్ళ షెడ్డుమీద కూర్చుని రేకు కోసినవాడికి దొరకలేదు. 1996లో ప్రభుత్వం 111వ నంబరు జీవో తీసి, ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు చెరువుల నీళ్ళు చెడిపోకుండా చుట్టూ 84 గ్రామాలలో కాలుష్యపు కర్మాగారాలు రాకూడదన్నది. చేవెళ్ళ, మొయినాబాదు గ్రామాలు కూడా అందులో వున్నాయి. కర్మాగారం రాలేదు. కర్మాగారంలో తయారయిన రేకు మాత్రం లారీల మీద వచ్చింది. కోళ్ళ షెడ్లకు, పశువుల కొట్టాలకు, కూలీల గుడిసెలకు, బడి వసారాలకు అదే కప్పు. పట్నపు నీళ్ళను కాపాడిన జీవోకు పల్లె ఊపిరి సంగతి పట్టలేదు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను కూడా ఎత్తివేస్తూ ఉత్తర్వు యిచ్చింది. యిప్పుడు పాత షెడ్లు కూలుతున్నాయి, ఫారంహౌసులు లేస్తున్నాయి. కూల్చేవాళ్ళు రేకును సుత్తెతో బద్దలుకొట్టి, ఆ ముక్కలను గుంతల బాటమీద పోసి తొక్కిస్తున్నారు.

ఆ షెడ్లలో సగం కప్పినవాణ్ణి నేనెరుగుదును. మేస్త్రి అనే అందరూ పిలిచేవారు, నేనూ అలాగే పిలుస్తాను. ముప్ఫయి యేళ్ళకు పైగా ఆయన పని రేకు కొలవడం, కోయడం, తొలచడం, బిగించడం. మొదట్లో చేతి రంపం, తర్వాత కరెంటు కటింగ్ మిషను. మిషను వచ్చాక పని సగం వేళకే అయ్యేదనీ, దుమ్ము మాత్రం పదింతలు లేచేదనీ ఆయనే చెప్పాడు. 2021లో దగ్గు పట్టుకుంది. తర్వాత కుడివైపు రొమ్ములో నొప్పి, మెట్టు ఎక్కితే ఆయాసం.

"టీబీ అన్నరు సారూ. ఆరు నెలలు మందులు మింగిన. నీరు తీసిండ్రు, మల్ల పట్టె. మల్ల తీసిండ్రు, మల్ల పట్టె" అన్నాడు నాతో.

"పని చేసేటప్పుడు ముక్కుకు ఏమన్నా కట్టుకునేవాడివా, మేస్త్రీ?"

"దస్తీ కట్టుకుంటుంటి. ఎండల దమ్మాడదు గద, మల్ల తీసేస్తుంటి."

చివరకు పట్నంలోని ఒక ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షించి, కాగితంమీద మెసోథీలియోమా అని రాశారు. ఊపిరితిత్తులను చుట్టివున్న పలుచని పొరకు పట్టే కాన్సరు అది. ఆ కాగితం నేను చదివాను. వయస్సు వున్నది, బరువు వున్నది, బీడీ తాగుతాడా లేదా అన్నది కూడా వున్నది. వృత్తి అన్నచోట "కూలి" అని ఒక్క మాట వున్నది. ఏం కూలి అని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. బీడీకీ యీ రోగానికీ సంబంధం లేదు. దీనికి అందరూ అంగీకరించిన ముఖ్యకారణం ఒక్కటే, రాతినార. ఆ ఒక్కటీ తప్ప అన్నీ అడిగారు. 2023 వానాకాలంలో మేస్త్రి పోయాడు.

ఇక మిత్రుడి మాటకు వస్తాను. అమెరికా వకీళ్ళు కనిపెట్టిన రోగమా యిది? వకీళ్ళకన్నా చాలా ముందే డాక్టర్లు కనిపెట్టారు. ఇంగ్లండులో రాక్‌డేల్ పట్టణపు మిల్లులో రాతినార వడికిన నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 1924లో చనిపోతే, ఆమె ఊపిరితిత్తులలోని నారపోగుల గురించి కుక్ అనే వైద్యుడు ఆ యేడే వైద్యపత్రికలో రాశాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే యిద్దరు అక్కడి కార్మికులను పరీక్షించి ప్రభుత్వానికి నివేదిక యిచ్చారు. మరుసటి యేడే అక్కడ దుమ్మును అదుపుచేసే నియమాలు వచ్చాయి. మన సనత్‌నగర్‌లో హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ సిమెంట్ ప్రాడక్ట్స్ కంపెనీ పుట్టింది 1946లో. అంటే రాతినార ఊపిరి తీస్తుందన్న సంగతి సర్కారు కాగితాలకెక్కిన పదిహేనేళ్ళకు మన గడ్డమీద యీ పరిశ్రమ ప్రారంభమయింది. 1960లో దక్షిణాఫ్రికా గనుల ప్రాంతం నుంచి వాగ్నరూ ఆయన సహచరులూ 33 మెసోథీలియోమా కేసులను ప్రకటించారు. వాళ్ళలో గనిలో దిగినవాళ్ళే కాదు, గని ప్రక్క ఊళ్ళలో పిల్లలుగా ఆడుకున్నవాళ్ళూ వున్నారు. న్యూయార్కులో సెలికాఫ్ 1964లో కార్మిక సంఘపు జాబితాలు ముందు పెట్టుకుని చావులు లెక్కగట్టాడు. ఆ సంఘాలు తమ సభ్యుల పేర్లు భద్రంగా దాచుకోబట్టే ఆ లెక్క సాధ్యమయింది. వకీళ్ళు వచ్చింది ఆ తర్వాత. 1973లో బోరెల్ అనే కార్మికుడి కేసులో కంపెనీలు హెచ్చరించనందుకు బాధ్యులేనని అక్కడి న్యాయస్థానం తేల్చింది. 1982కల్లా జాన్స్ మాన్విల్ అనే మహాకంపెనీ దివాలా దరఖాస్తు పెట్టుకున్నది. ఆ దేశపు వకీళ్ళలో డబ్బు మనుషులు లేరని నేననను. వాళ్ళ పత్రికా ప్రకటనలు నేనూ చూశాను, రోగి మంచం చుట్టూ గద్దల్లా మూగుతారు. అయినా మేస్త్రి మంచం దగ్గరకు గద్ద కూడా రాలేదు గదా!

మిత్రుడి రెండవ మాట మరింత గట్టిది, దానికి తేలిగ్గా జవాబు చెప్పకూడదు. పేదవాడికి కప్పు కావాలి. నిజమే. నా వంటగది మీద యిప్పటికీ అదే రేకు వున్నది. చెక్కుచెదరని రేకు కింద పడుకున్నంతమాత్రాన రేపే రోగం వస్తుందని ఎవరినీ భయపెట్టను. పరిశ్రమవారు చెప్పేదీ యిదే: పోగులు సిమెంటులో బంధించి వుంటాయి, జాగ్రత్తగా వాడితే ప్రమాదం లేదు అంటారు. కాని రేకు తనంతట తానే గోడమీద ఎక్కి కూర్చోదు. దాన్ని కోయాలి, తొలచాలి, ముప్ఫయి యేళ్ళకు పగలగొట్టాలి. జాగ్రత్త అనేది కంపెనీ గేటు దాకా వుంటుందనే అనుకుందాం. చేవెళ్ళ షెడ్డు మీద, మే నెల ఎండలో, దస్తీ కట్టుకున్నవాడి దగ్గర ఆ జాగ్రత్త ఎవరి జేబులో వుంటుంది? పోనీ రేకు తప్ప గతిలేదా? రాతినార లేని రేకు యీ దేశంలోనే తయారవుతున్నది. కొంచెం ధర ఎక్కువ. ఆ ధరలో తేడాను యిన్నాళ్ళూ మేస్త్రి తన ఊపిరితో కట్టాడు.

సర్కారుకు ప్రమాదం తెలియదా అంటే, తెలుసు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో బ్రాహ్మణపల్లె దగ్గర మన తెలుగు నేలలోనే తెల్ల రాతినార వున్నది. 1986లో కొత్త గనులకు కౌళ్ళు యివ్వడం ఆపారు, 1993లో పాతవాటిని పొడిగించడం ఆపారు. రాతినార చెత్తను విదేశాల నుంచి తేకూడదని 2016 నియమాలలో రాశారు. రాతినారను మాత్రం తేవచ్చు! రష్యా నుంచి, కజకిస్తాన్ నుంచి తెస్తూనే వున్నారు. ప్రపంచంలో దాన్ని ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం మనది. బ్రిటను 1999లో మానుకున్నది, యూరపు 2005లో, తరతరాలుగా దాన్ని తవ్వి మనకు అమ్మిన కెనడా 2018లో. అమెరికా కూడా 2024లో తెల్ల రాతినారను నిషేధిస్తూ నియమం చేసింది.

ఇక చట్టం. నాకు కోపం వచ్చేది యిక్కడ. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక గొప్ప తీర్పు చెప్పింది. అహమ్మదాబాదు వినియోగదారుల సంస్థ 1986లో వేసిన కేసు అది. తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి మన రాష్ట్రపు హైకోర్టు నుంచి వెళ్ళినవారే. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమన్నారు. ప్రతి రాతినార కార్మికుడి ఆరోగ్యపు రికార్డును, పనిలో చేరిన నాటినుంచి 40 యేళ్ళు గాని, మానుకున్న తర్వాత 15 యేళ్ళు గాని, ఏది ఆఖరయితే అంతవరకు యజమాని దాచాలన్నారు. రోగం తేలినవాడికి లక్ష రూపాయలు యివ్వాలన్నారు. నలభై యేళ్ళు అని ఎందుకన్నారు? పోగు ఈ రోజు ఊపిరిలో దిగితే రోగం యిరవై, ముప్ఫయి, నలభై యేళ్ళకు బయటపడుతుంది గనుక. ఆ సంగతి కోర్టుకు తెలుసు.

మరి మొన్న మొన్నటి దాకా అమలులో వున్న 1923 నాటి నష్టపరిహార చట్టమేమన్నది? రాతినార వల్ల వచ్చే మెసోథీలియోమా ఆ చట్టపు పట్టికలో వున్నది, సంతోషం. కాని పని మానుకున్న రెండేళ్ళలోపల రోగలక్షణాలు కనిపిస్తేనే ఆ కనిపించిన నాటినుంచి లెక్క కడతానన్నది. నలభై యేళ్ళకు పండే రోగానికి రెండేళ్ళ గడువు! తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనరుకు వున్నది. ఆ కారణాన్ని ఇంగ్లీషులో రాసి, సాక్ష్యం కట్టి, ఎదుటి వకీలు ముందు నిలబెట్టవలసినవాడు ఆక్సిజను సిలిండరు ప్రక్కన పడివుంటాడు. 2025 నవంబరులో ఆ చట్టం పోయి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. కోడ్ వచ్చినంతలో మేస్త్రిలాంటివాడికి యజమాని పుట్టుకొస్తాడా? ఫ్యాక్టరీవాడికి హాజరుపట్టీ వుంటుంది, భవిష్యనిధి నంబరు వుంటుంది. ఓడల్లో ఆవిరి గొట్టాలకు రాతినార చుట్టిన కాలంలో పనిచేసిన నావికుడికి సర్వీసు పుస్తకమయినా వుంటుంది. చేరేనాడు లేని రోగం తర్వాత వస్తే, అది సర్వీసు వల్ల రాలేదని రుజువుచేసే భారం సర్కారుదేనని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో వచ్చిన కొత్త నియమాలతో ఆ దారి ఎంత మిగులుతుందో తర్వాతి తరం సైనికులు పోరాడి తేల్చుకోవాలి. మేస్త్రికి యీ రెండూ లేవు. వంద షెడ్లకు వంద మంది ఆసాములు. ఎవడూ యజమాని కాడు.

మరేం చేయాలంటారా? రాజస్థాన్ ప్రభుత్వం రాతి దుమ్ము రోగాలకు 2019లో ఒక విధానం ప్రకటించింది. రోగం ధ్రువమయితే చాలు, బతికుండగా మూడు లక్షలు, చనిపోతే కుటుంబానికి రెండు లక్షలు, యజమాని ఎవడని వెతుక్కురమ్మనకుండా యిస్తారు. అక్కడి గని కూలీలు యేళ్ళ తరబడి ధర్నాలు చేసి సాధించుకున్నారు దాన్ని. ఇక్కడ అదే అడగడానికి మనకేం అడ్డం వచ్చింది? ఆసుపత్రి కాగితంలో "కూలి" అన్న మాట ప్రక్కన ఇంకో రెండు గళ్ళు పెట్టించడానికి జీవో కూడా అక్కరలేదు. 1987 చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికుడికీ, స్త్రీకీ, దళితుడికీ, గిరిజనుడికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును యివ్వాలి. ఆ సంగతి మేస్త్రి భార్యకు చెప్పినవాడు ఒక్కడూ లేడు. నాతో సహా. నేను ఆ రెండేళ్ళూ మర్రిచెట్ల మీద వ్యాసాలు రాస్తున్నాను.

మన రచయితలనూ ఒక మాట అనకుండా పోను. నేతగాడి దగ్గు మన కథల్లో వున్నది, బీడీ కార్మికురాలి దగ్గు వున్నది, బొగ్గుగని వున్నది. రేకు మాత్రం మన కథల్లోకి అభివృద్ధి గుర్తుగానే వచ్చింది. గడ్డి కప్పు పోయి రేకుల కప్పు వచ్చిందంటే ఆ కుటుంబం బాగుపడిందని అర్థం. నా కథలోనే ఒకదానిలో అలా వున్నది, అచ్చయి పాతికేళ్ళయింది.

గత నెలలో మేస్త్రి భార్యను వెంటబెట్టుకుని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళాను. అక్కడి యువ న్యాయవాది ఓపికగా విని, "ఆయన ఈ పనే చేశాడనడానికి ఏమయినా కాగితం వుందా అమ్మా?" అని అడిగింది. "కాయిదాలేముంటయి బిడ్డా" అన్నది. ఇంటికి వచ్చాక, చాలాసేపటికి, లోపలికి వెళ్ళి ఒక బియ్యం సంచీ తెచ్చింది. అందులో పదకొండు లెక్కల పుస్తకాలున్నాయి. మేస్త్రి కూలి లెక్కలు. ఏ వూరు, ఎవరి షెడ్డు, ఎన్ని రేకులు, ఎన్ని కోతలు, ఎంత ముట్టింది, ఎంత బాకీ. కొన్ని పేజీలు చెదలు తిన్నాయి. మిగతావాటికి నకలు రాస్తున్నాను, సాయంత్రాలు మేస్త్రి కొడుకు వచ్చి తండ్రి రాత విడమరిచి చెబుతున్నాడు. మొదటి పుస్తకం 1989 నుంచి వున్నది. మొదటి పేజీ మొదటి పద్దు: మొయినాబాదు, కోళ్ళ షెడ్డు, రేకులు 140, కోతలు 36, బాకీ 20 రూపాయలు.