వాపు తగ్గేదాకా

పాలకుర్తిలో ఒక ఇల్లు అనుకోండి. వాకిట్లో నిలబడితే సోమేశ్వరస్వామి గుట్ట కనిపిస్తుంది. కొడుకుగా పుట్టి, కొన్నేళ్ళుగా హైదరాబాద్‌లో ఆడపిల్లగా బతుకుతున్న బిడ్డ మొహానికి ఆపరేషన్ చేయించుకుని పన్నెండో రోజున ఇంటికొచ్చింది. తలకు స్కార్ఫు, ముక్కు మీద టేపు, కళ్ళ కింద కమిలిన మచ్చలు. పక్కింటి అవ్వ గడపలోనే ఆగిపోయి, "అయ్యో బిడ్డా, మొఖం గిట్ల ఉబ్బిందేంది?" అంటుంది. తల్లికి జవాబు తోచదు. లోపల ఆమెకూ అదే భయం. ఇది ఇలాగే ఉండిపోతుందా?

ఉండిపోదు. ఏది ఎన్నాళ్ళకు తగ్గుతుందో ముందే తెలిస్తే ఇంటిల్లిపాదికీ సగం భయం తీరుతుంది.

ఎందుకీ ఆపరేషన్?

మగపిల్లల్లో యవ్వనం వచ్చేసరికి టెస్టోస్టిరాన్ ప్రభావంతో కనుబొమల పైన ఎముక ముందుకొస్తుంది. దవడ వెడల్పవుతుంది, కంఠమణి పైకి తేలుతుంది. ఆ తర్వాత ఎన్ని హార్మోన్లు వాడినా చర్మం మెత్తబడుతుంది, కొవ్వు సర్దుకుంటుంది కానీ పెరిగిన ఎముక మాత్రం తగ్గదు. దాన్ని సరిచేసేదే ఫేషియల్ ఫెమినైజేషన్ సర్జరీ. పుర్రె, మొహం ఎముకల లోపాలకు ఆపరేషన్లు చేసే అమెరికా సర్జన్ డగ్లస్ ఔస్టర్‌హౌట్ 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ట్రాన్స్ మహిళ కోసం దీనికి శ్రీకారం చుట్టారు. ఆడ, మగ పుర్రెల కొలతల్లో తేడా ఎక్కడుందో చూసి మరీ ఆయన ఈ పద్ధతిని రూపొందించారు.

ఇది ఒక్క ఆపరేషన్ కాదు, కొన్నింటి కలయిక. నుదుటి ఎముకలో, కనుబొమల వెనక సైనస్ అనే గాలి గది ఉంటుంది. చాలామందికి దాని ముందు గోడను కోసి తీసి, సరిచేసి, వెనక్కి జరిపి చిన్న టైటానియం ప్లేట్లతో బిగిస్తారు. ముక్కు, గడ్డం, దవడ, కంఠమణి ఎవరికి ఏది అవసరమైతే అది చేస్తారు. అన్నీ ఒకేసారి చేస్తే ఎనిమిది, పది గంటలు పట్టవచ్చు. ఇది అందరికీ అవసరమూ కాదు. తానెవరో చెప్పుకోవడానికి ఆపరేషన్‌ను షరతుగా పెట్టకూడదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నాల్సా కేసులో స్పష్టంగా చెప్పింది. తనకు కావాలనుకున్నవాళ్ళే చేయించుకుంటారు.

నొప్పి ఎక్కడ?

ఎముకే కోశారు కాబట్టి భరించలేని నొప్పి ఉంటుందని ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. చాలామంది రోగులు చెప్పేది వేరు. పోటు కంటే బిగుతు ఎక్కువ. తలకు ఎవరో గట్టిగా గుడ్డ చుట్టినట్టుంటుంది. మత్తుకోసం వేసిన గొట్టం వల్ల గొంతు మంట. దవడ తెరుచుకోదు. ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీసుకోవాలి కాబట్టి నిద్ర పట్టదు. మొదటి వారం డాక్టరు రాసిన మందులతో ఇవి అదుపులో ఉంటాయి. ఆ తర్వాత చాలామందికి మామూలు నొప్పి మాత్రలే సరిపోతాయి.

వాపు రెండు, మూడు రోజుల్లో బాగా ఎక్కువవుతుంది. కళ్ళు మూసుకుపోవచ్చు కూడా. కమిలిన రంగు నుదుటి నుంచి బుగ్గలకు, మెడకు దిగుతుంది. అది కొత్త జబ్బు కాదు, కిందికి జారడం దాని స్వభావం. రెండు మూడు వారాల్లో కమిలిన మచ్చలు పోతాయి. వాపులో ఎక్కువ భాగం ఆరు వారాల నుంచి మూడు నెలల్లో తీస్తుంది. ముక్కు, దవడ అసలు ఆకారం తేలడానికి ఏడాది పట్టవచ్చు.

నొప్పి కంటే ఎక్కువ కాలం వేధించేది తిమ్మిరి. నడినెత్తి, నుదురు, కింది పెదవి, గడ్డం నెలల తరబడి మొద్దుబారి ఉంటాయి. చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు అనిపించడం మొదలైతే నరాలు కోలుకుంటున్నాయని అర్థం. కొందరికి కొద్దిపాటి చోట స్పర్శ ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

కాపడం వద్దు, పప్పు ముద్దు

వాపు కనబడగానే మన ఇళ్ళలో చేసే మొదటి పని కాపడం. ఇక్కడ అదే ప్రమాదం. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు. కాలినా బిడ్డ "అబ్బా" అనదు. మరీ వేడినీళ్ళు, హెయిర్ డ్రయ్యర్ కూడా అంతే. చల్లటి గుడ్డ మొదటి రెండు రోజులకే, అదీ కాసేపే. కుట్లకు పసుపు అద్దడం, నూనెతో మర్దనా డాక్టరు చెప్పేదాకా వద్దు.

"పప్పు తింటే చీము పడుతుంది" అన్న మాట మరోటి. అది నిజం కాదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులోనూ, గుడ్డులోనూ, పెరుగులోనూ ఉన్నాయి. నోటిలోపల కుట్లుంటే రెండు వారాలు రాగి జావ, మెత్తటి పప్పన్నం, చిదిపిన గుడ్డు, కారం లేని కూర పెట్టండి. జొన్నరొట్టె, సకినాలు కొన్నాళ్ళు ఆగాలి. తిన్న ప్రతిసారీ డాక్టరు చెప్పిన మందు నీళ్ళతో నోరు పుక్కిలించాలి.

తల ఎత్తుగా పెట్టుకుని రెండు మూడు దిండ్ల మీద పడుకోవాలి. వంగడం, బిందెలు మోయడం కొన్ని వారాలు వద్దు. ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. సిగరెట్, గుట్కా, మందు ముట్టుకోకూడదు. హైదరాబాద్ నుంచి పాలకుర్తికి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఎన్నో రోజున బయల్దేరవచ్చో సర్జన్‌ను అడిగే టికెట్ తీసుకోవాలి.

ఒకవైపే ఉన్నట్టుండి వాపు పెరిగినా, జ్వరం, చీము వచ్చినా, ముక్కులోంచి నీళ్ళలాంటి ద్రవం ధారగా కారినా, చూపు మసకబారినా, ఊపిరి ఆడకపోయినా, పిక్కలో వాపు, నొప్పి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

నాయిన పోలిక

రెండో వారమో, మూడో వారమో బిడ్డ అద్దం ముందు కూర్చుని ఏడవవచ్చు. తప్పు చేశానా అని అడగవచ్చు. నిద్రలేమి, మందులు, ఉబ్బిన మొహం కలిసి మనసును అలా కుంగదీస్తాయి. ఏ పెద్ద ఆపరేషన్ తర్వాతైనా ఇది ఉండేదే. మూడు నెలలు దాటకుండా ఆ మొహం గురించి ఏ తీర్పూ చెప్పకూడదు. రోజులు గడిచినా దిగులు తగ్గకపోతే, చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్కసారి అన్నా మానసిక వైద్యులకు చూపించాలి. వివిధ దేశాల్లో 66 మంది రోగులను ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలలు దాటాక వాళ్ళ జీవితం మెరుగుపడిందని తేలింది.

తల్లిదండ్రులకూ ఒక బాధ ఉంటుంది. దాని గురించి ఎవరూ అడగరు. ఆ నుదురు, ఆ దవడ తండ్రివి. పుట్టిన నాడు "అచ్చం నాయిన పోలికే" అని ఊరంతా మురిసింది. ఇప్పుడా పోలికను కోసి తీసేశారన్న దిగులు తల్లికి కలగడం తప్పు కాదు. దాన్ని అక్కతోనో, వదినతోనో చెప్పుకోవచ్చు. కానీ మూడో వారంలో బిడ్డ ముందు మాత్రం అనకూడదు. ఆ రోజుల్లో తానెలా ఉందో బిడ్డ ఇంట్లోవాళ్ళ కళ్ళల్లోనే చూసుకుంటుంది. వాపు తీశాక ఆ చూపు, నవ్వు, నడక అవేనని తల్లికే తెలుస్తుంది.

సాయం దొరికే దారులూ కొన్ని ఏర్పడ్డాయి. ట్రాన్స్‌జెండర్లను పుట్టు నేరస్థుల్లా చూసిన నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో ప్రభుత్వ డాక్టర్లుగా చేరారు. ట్రాన్స్‌జెండర్ల కోసం 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 33 జిల్లాల్లో మైత్రి క్లినిక్కులు ప్రారంభించింది. 2016లో వరంగల్ నుంచి విడిపడి ఏర్పడిన జనగామ జిల్లా కూడా అందులో ఉంది. పాలకుర్తి ఇప్పుడు ఆ జిల్లాలోదే.

ఇక గడపలో నిలబడిన అవ్వ సంగతి. ఎవరికి ఎంత చెప్పాలన్నది బిడ్డ ఇష్టం. ముందే ఆమెనడిగి, ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పాలి. బాలింత ఉన్న ఇంటికి చూడవచ్చినవాళ్ళను "పడుకుంది, తర్వాత రండి" అని మర్యాదగా పంపడం మనకు తెలిసిందే. ఇక్కడా అదే పద్ధతి. 1940లలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట కోసుకుపోవడానికి వస్తే చాకలి ఐలమ్మ ఎదురు నిలిచింది ఈ పాలకుర్తిలోనే. ఈ తల్లి అంత యుద్ధం చేయనక్కర్లేదు. అవ్వకు మంచినీళ్ళిచ్చి, గొంతు తగ్గించకుండా ఒక్క మాట చెబితే చాలు.

"ఆపరేషనైంది అవ్వా. వాపున్నది, తగ్గుతది."