అరువు చురుకుదనము

బుద్ధికి పదును పెట్టు నను పేరుతో కెఫీను మాత్రలును చూర్ణములును నేడు విరివిగ విక్రయింపబడుచున్నవి. పరీక్షలు సమీపించినపుడు రాత్రిని పగలు చేసికొనగోరు విద్యార్థులు వీని నాశ్రయించుచున్నారు. ఇవి నిజముగ బుద్ధిని పెంచునా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1911లో అమెరికాలోని చట్టనూగా నగరమున, కెఫీను హానికరమని ఆ ప్రభుత్వము కోకాకోలా పానీయముపై వ్యాజ్యము నడపెను. అపుడు హ్యారీ హాలింగ్‌వర్త్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 16 మందిని 40 దినములు పరీక్షించెను. ధనమిచ్చినది ఆ కంపెనీయే. అయినను ఫలితము లెట్లున్నను వెల్లడించెదననియు, వానిని వ్యాపారప్రకటనలలో వాడరాదనియు ఆయన ముందే షరతు విధించెను. కొన్ని గుళికలలో కెఫీను, కొన్నింట వట్టి పాలచక్కెర. ఏది యేదో పుచ్చుకొన్నవారికిగాని పరీక్షించినవారికిగాని తెలియదు. స్వల్పమైన మోతాదుతో టైపు కొట్టు వేగము హెచ్చెను. మోతాదు మితిమీరగా వేగము తగ్గెను. చేతి నిలుకడయు చెడెను.

దీని కారణము నేటి శాస్త్రమునకు తెలియును. మనము మేలుకొనియున్నంతసేపు మెదడులో అడినోసిను పేరుకొని అలసటను తెలుపును. కెఫీను దాని స్థానము నాక్రమించి ఆ వార్త నాపివేయును. అలసినవాని చూపును చేయియు కొంతసేపు చురుకగుట నిజమే. కాని అలసట తీరలేదు. అప్పులవాడు వాకిట నిలువగా తలుపు వేసికొన్నంతమాత్రమున అప్పు తీరునా? పుచ్చుకొన్న కెఫీనులో సగము సుమారు అయిదు గంటల తరువాతను దేహముననే యుండును. నిద్రకు ఆరుగంటల ముందు పుచ్చుకొన్న 400 మిల్లీగ్రాములు గంటకు పైబడి నిద్రను హరించినట్లు 2013లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. చదివినది మనస్సున నాటుకొనుటకు నిద్రయే ఆధారము. ఆ నిద్రను అమ్మి మెలకువను కొనువాడు లాభపడునా?

ఇంతకంటె ఘోరమైన దింకొకటి కలదు. ఆరోగ్యవంతుడగు వయోజనునికి ఒక్కమారు 200, దినమునకు 400 మిల్లీగ్రాములు మించరాదని 2015లో ఐరోపా ఆహారభద్రతాసంస్థ నిర్ణయించెను. శుద్ధ కెఫీను చూర్ణము ఒక్క చెంచా సుమారు 28 కప్పుల కాఫీకి సమానమని అమెరికా ఔషధశాఖ హెచ్చరించినది. 2014లో ఆ దేశమున ఇరువురు యువకు లట్టి చూర్ణమునకు బలియైరి.

కాఫీని మానుడని మేము కోరుట లేదు. కప్పులోని కాఫీ తన హద్దును తానే తెలుపును. నాలుక చాలుననును, కడుపు వలదనును. చెంచాలోని చూర్ణమున కట్టి కావలి లేదు. మనదేశమున కెఫీను పానీయములకు లీటరునకు 300 మిల్లీగ్రాముల హద్దు 2016లో ఏర్పడినది. మాత్రల పెట్టెలమీదను కెఫీను పరిమాణము పెద్ద అక్షరములతో, ప్రజల భాషలో అచ్చువేయవలెను. శుద్ధచూర్ణము విడిగా అమ్ముట మాన్పవలెను. ఉపాధ్యాయులును తలిదండ్రులును పరీక్షల ముందే పిల్లలకీ సంగతి బోధింపవలెను.

నిద్రకు బదులు నిద్రయే; దానిని మాత్రలలో నింపి యమ్మగల వర్తకు డింకను పుట్టలేదు.